కొండ అంచు మోటెల్, గేర్లు లేని సైకిళ్ళు

జైరామ్ చేతులు ఊరికే ఉండలేవు. ఈ సంగతి అందరికన్నా ముందు తెలిసింది ఆయన భార్య అంజనికి. ఫిజీలో, రాకిరాకి చక్కెర మిల్లు ట్రామ్ లైను మీద ఫిట్టర్ల వెనకాల తిరిగి పని పట్టుకున్న కుర్రతనంలో ఆ చేతులకు ఇంజన్లుండేవి. 1987లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన గొడవల తరువాత ఆస్ట్రేలియా వచ్చి టూవూంబాలో స్థిరపడ్డాక, గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే దుకాణంలో పని దొరికింది. అక్కడా కొదవ లేదు. ఆ దుకాణం యజమాని ముసలితనం వచ్చి తలుపులు మూసేశాకే చిక్కొచ్చింది. ఇంట్లో కూర్చున్న జైరామ్ ముందు గేటు కీలు సరిచేశాడు. తరువాత కుళాయిలు. తరువాత పక్కింటివాళ్ళ కుళాయిలు. పాడైనవన్నీ అయిపోయాక బాగున్నవి మొదలుపెట్టాడు.

"నా మిక్సీ జోలికి రాబాకయ్యా," అంది అంజని ఒకరోజు, స్క్రూడ్రైవరు పట్టుకొచ్చిన మొగుణ్ణి చూసి. "అది తిరగతా ఉండాది గదా. తిరిగేదాన్ని విప్పేదేంది?"

"తిరగతా ఉండాది గానీ, దాని గొంతు బాగలేదు."

"నీ గొంతు కూడా బాగలేదు. నిన్ను విప్పమంటావా?"

వాళ్ళిద్దరిదీ తాతల నాడు ఓడెక్కి వచ్చిన తెలుగు. మధ్యమధ్యలో ఫిజీ హిందీ తగులుతుంది. జైరామ్ అక్కడి దక్షిణాదివాళ్ళ సంఘం నడిపే సంగం బడిలో అక్షరాలు దిద్దుకున్నవాడే గానీ, చదువు మీద కన్నా ఆ బడి గంట ఎందుకు పగిలిందన్న దాని మీదే ఆయనకు ఎక్కువ ఆసక్తి ఉండేదట. ఊళ్ళో భీమవరం దంపతులెవరో ఫైవ్ వాటిల్స్ అనే పాత మోటెల్ కొన్నారనీ, చేతిపని తెలిసిన మనిషి కావాలంటున్నారనీ గుళ్ళో విన్న అంజని మర్నాడే ఆయనకు టిఫిన్ డబ్బా కట్టి పంపేసింది. ఉద్యోగం ఇంకా ఎవరూ ఇవ్వలేదన్న సంగతి డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాక గానీ జైరామ్‌కు తోచలేదు. యజమాని ఉపేంద్ర ఆ డబ్బాను చూసి నవ్వి, "రండి అంకుల్, ముందు ఆరో నంబరు గదిలో గీజరు చూడండి," అన్నాడు. అదే నియామకం.

టూవూంబా కొండ మీది ఊరు. తూర్పున కొండ అంచు, అక్కణ్ణుంచి పడమరగా ఊరు పళ్ళెంలోకి జారినట్టు దిగుతుంది. దుకాణాలు, క్వీన్స్ పార్క్, వాగు వెంట నడక బాటలు, అన్నీ కిందే. ఫైవ్ వాటిల్స్ మాత్రం పైన, అంచు దగ్గర. సెప్టెంబరులో జరిగే పూల పండుగకు ఎక్కడెక్కడి జనమో వచ్చి పడతారు. కారు ఆపడానికి చోటు దొరకదు. ఆ గోల చూసిన ఉపేంద్రకు ఒక ఆలోచన వచ్చింది. మన దగ్గర దిగినవాళ్ళు కారు తాళం తీయకుండానే ఊరు చూసి రావాలి. పొగ ఉండదు, పార్కింగ్ వెతుకులాట ఉండదు. మోటెల్‌కు పేరూ వస్తుంది. అనుకున్నదే తడవుగా సైకిళ్ళు తెప్పించాడు. మీగడ రంగువి, ముందు అల్లిక బుట్ట, గోధుమరంగు తోలు సీటు. వాటితో పాటు కరెంటుతో నడిచే స్కూటర్లు, నిలబడి వెళ్ళేవి, ఓ నాలుగు.

సైకిళ్ళకు గేర్లు లేవు.

ఇందులో ఉపేంద్రను తప్పుపట్టడానికి లేదు. భీమవరంలో పుట్టి పెరిగినవాడికి ఎత్తు అంటే కాలవ మీద వంతెన. దిగి నాలుగడుగులు నడిపించుకుపోతే అయిపోయే ఎత్తు. సైకిలనగానే అతని కళ్ళ ముందుకొచ్చేది బల్లపరుపు కాలవ గట్టు, పక్కన చేపల చెరువులు. అతని భార్య చైత్రదీ ఆ ఊరే. బుట్ట ఎంత ముద్దుగా ఉందో చూసింది గానీ వెనక చక్రం వైపు చూడలేదు. కొండ ప్రాంతంలో పెరిగిన జైరామ్ అయినా చూడాల్సింది. ఆయన షెడ్డులో, చదునైన సిమెంటు నేల మీద, ఒక్కో సైకిలూ తలకిందులు చేసి బేరింగులు పరీక్షించాడు, అతుకులు తడిమాడు. "మంచి పని చేసినారు," అని మెచ్చుకున్నాడు. పనితనం చూసిన సంబరంలో ఆయనకు కొండ గుర్తు రాలేదు.

షెడ్డు ఒకప్పుడు విరిగిన కుర్చీల గది. జైరామ్ దాన్ని కడిగి, గోడకు కొక్కేలు బిగించి, పనిముట్లు వరసగా తగిలించి, కిటికీ కింద ఒక బల్ల వేసుకున్నాడు. పొద్దున్నే తలుపు తీసి ఆ వరసను చూసినప్పుడల్లా ఆయనకు మళ్ళీ మిల్లు వర్క్‌షాపులో అడుగుపెట్టినట్టుండేది. ఇంట్లో అంజని కూడా తేరుకుంది.

పండుగ మొదటి రోజున అతిథులు కేరింతలు కొడుతూ కిందికి దిగారు. మధ్యాహ్నానికి ఫోన్ మోగింది. పూలు బ్రహ్మాండంగా ఉన్నాయి, సైకిళ్ళూ బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ పైకి ఎలా రావాలి? వెనక తొట్టి ఉన్న డీజిల్ బండి, ఇక్కడివాళ్ళు యూట్ అనేది, ఉపేంద్రకు ఒకటుంది. దాన్ని తీసుకెళ్ళి మనుషుల్నీ సైకిళ్ళనూ ఎక్కించుకొచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు రెండు తడవలు.

"ఎన్విరాన్‌మెంట్ ముందెళ్తోంది, పొగ వెనకాలెళ్తోంది," అంది చైత్ర, మలుపు తిరుగుతున్న యూట్‌ను చూస్తూ. "బాగుందండీ మన స్కీము."

స్కూటర్లు పైకి బాగానే వచ్చేవి, అదొక తంటా. క్లేటన్ నుంచి వచ్చిన కొత్త జంటలో మొగుడు స్కూటరెక్కాడు, పెళ్ళాం సైకిలెక్కింది. ఆయన పైకొచ్చి, కాఫీ తాగి, కునుకు తీసి లేచే వేళకు ఆమె సైకిలు నెట్టుకుంటూ గేటు దగ్గర కనిపించింది. ఆ సాయంత్రం ఆమె చైత్ర దగ్గరకొచ్చి, ఖాళీగా ఇంకో గది ఉందా అని అడిగింది.

జైరామ్ వెనక చక్రాలు విప్పాడు. పళ్ళు ఎక్కువున్న ఫ్రీవీల్ వేస్తే తొక్కుడు తేలికవుతుంది. పెద్ద ఫ్రీవీల్ వేస్తే చెయిన్ చాలదు, లింకులు కలపాలి. కలిపాడు. అన్నిటికీ మార్చి, తనే తొక్కి చూశాడు. మునుపటికన్నా నయం. కానీ నిట్టనిలువు రోడ్డు మీద అదీ చాలలేదు. సగంలోనే ఊపిరి నిలిచిపోతోంది.

ఆ వారం మధ్యలో ఉపేంద్ర షెడ్డులోకి వచ్చాడు. బల్ల మీది స్పానరు తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పెట్టాడు. జైరామ్ ఆ స్పానరును దాని కొక్కేనికి తగిలించాడు.

"అంకుల్, బ్రిస్బేన్‌లో ఒకాయనున్నాడండి. రివర్ పక్కన హోటలు. అంతా ఫ్లాటే. ఈ సైకిళ్ళు తీసేసుకుంటానంటున్నాడు. సండే వచ్చి చూస్తాడంట."

"మరి షెడ్డో?"

"గెస్ట్ లాండ్రీ చేద్దామనండి. వాషింగ్ మెషిన్లు పెడితే అందరికీ పనికొస్తాయి కదా. మీరేం వర్రీ అవ్వకండి, గార్డెన్ చూసుకుందురుగాని."

జైరామ్ కిటికీలోంచి గార్డెన్ వైపు చూశాడు. అందులో ఒక్క బోల్టు కూడా లేదు.

"నాలుగు దినాలు ఆగు బాబూ," అన్నాడు. "నాకింకొక దారి కనపడతా ఉండాది."

కనపడింది నిజంగా దారే. మిల్లు ట్రామ్ లైను గుట్టను ఎన్నడూ ఎదురుగా ఎక్కేది కాదు. చెరకు బండ్లు లాగే చిన్న ఇంజనుకు అంత సత్తువెక్కడిది? గుట్ట నడుము పట్టుకుని, చుట్టు తిరుగుతూ, తెలియనట్టుగా పైకి చేరేది. టూవూంబా వీధుల్లోనూ అలాంటిది దొరకాలి. జైరామ్ పని అయ్యాక సైకిలు తీసుకుని బయల్దేరేవాడు. ఒక వీధి అడ్డంగా కాస్త ఎక్కి, పక్క వీధిలోకి తిరిగి, మళ్ళీ అడ్డంగా ఇంకాస్త ఎక్కి. కొన్ని వీధులు గోడలకే వెళ్ళి ఆగిపోయాయి. ఒకచోట కుక్క వెంటపడితే ఎత్తు మీద కూడా ఎలా తొక్కాడో ఆయనకే తెలియదు. చివరికి దొరికింది. పొడుగు దారే. కానీ మధ్యలో సైకిలు దిగకుండా మోటెల్ గేటు దాకా వచ్చాడు.

శుక్రవారం అతిథులకు చెప్పాడు, మీరంతా మధ్యాహ్నం వాగు వంతెన దగ్గరకు రండి, నేనే ముందు నడిపించుకొస్తాను అని. చెప్పినట్టే అందరూ వచ్చారు. జైరామ్ ముందు సాగాడు. అరవై నిండినా కాళ్ళల్లో పాత అలవాటు చావలేదు, దారి తెలుసునన్న ఊపు ఒకటి. పైకొచ్చి వెనక్కి తిరిగి చూస్తే స్కూటర్లవాళ్ళు తప్ప ఎవరూ లేరు. మిగిలినవాళ్ళు సగం దారిలో ఒక జకరాండా చెట్టు కింద చతికిలబడి మోటెల్‌కు ఫోన్ చేస్తున్నారు.

ఉపేంద్ర యూట్ తీశాడు. తిట్టినా బాగుండేదనిపించింది జైరామ్‌కు. చైత్ర మాత్రం మజ్జిగ గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టింది.

"రేపొక్క రోజే ఉంది అంకుల్. ఫోన్ మోగకపోతే నేనే మా ఆయనతో మాట్లాడతాను, సైకిళ్ళు ఉంచేద్దామని."

"మోగితే?"

"మోగితే యూట్ ఎలాగూ బయటికొస్తుందిగా. సండే దాకా ఆగకుండా అట్నుంచటే బ్రిస్బేన్‌కి ఎక్కించేస్తామంటున్నారు."

శనివారం పొద్దున సైకిలు కోసం వచ్చినవాళ్ళలో శ్యామసుందరి గారు ఒకరు. పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటారు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై, పూలు చూడాలని ఒక్కరే ఇంత దూరం వచ్చారు. భారీ మనిషి, అంతకన్నా భారీ ముడి. హెల్మెట్ ఆ ముడి మీద టోపీలా కూర్చుని ఊగుతోంది.

"ముడి విప్పాలమ్మా. లేకుంటే పోలీసోళ్ళు ఫైను రాస్తారు," అన్నాడు జైరామ్.

"పొద్దున్నే లేచి పిన్నులన్నీ పెట్టుకుని వేసుకున్నానండీ! మీ హెల్మెట్‌కే ఒక చిల్లు పెట్టకూడదూ?"

"పెట్టొచ్చు. తలకాయ పగిలితే అతికేది నాకు రాదు."

ఆవిడ పకపకా నవ్వి, ముడి విప్పి జడ వేసుకున్నారు. జైరామ్ సీటు దించి, ఆవిడ కాలు నేలకు ఆనేలా చూసి, ఓసారి ఆవరణలో తొక్కించాడు. ఆవిడ తొక్కుడు నిదానం, మాట మాత్రం జోరు. ఇవాళ ఫోన్ చేసేది ఈవిడేనని జైరామ్ అప్పుడే తేల్చుకున్నాడు.

మధ్యాహ్నం వంతెన దగ్గర అందరూ కలిశారు. ఇద్దరు నర్సులు, పొడుగ్గా ఉన్న ఒక ఆస్ట్రేలియన్ కుర్రాడు, పల్లె నుంచి వచ్చి స్కూటర్లెక్కిన తెలుగు రైతు దంపతులు, ఒళ్ళంతా చెమటతో శ్యామసుందరి గారు. ఆవిడ బుట్టలో మొక్కల కుండీలు కూడా చేరాయి.

"మీరు వెనకాల రండమ్మా, స్కూటర్లోళ్ళు తోడుంటారు," అన్నాడు జైరామ్.

"వెనకాలా? నన్నా?" ఆవిడ హ్యాండిల్ వదిలి నడుం మీద చేతులు వేసుకున్నారు. "బాబుగారూ, పెళ్ళిభోజనాల్లో కూడా నేను ఆఖరి పంక్తిలో కూర్చోను. వెనకుంటే ఏమవుతుందో తెలుసా? మీ అందరి వీపులు చిన్నవైపోతుంటాయి, అవి చూసి నాకు నీరసం వచ్చేస్తుంది. నన్ను ముందుంచండి. నా పాటికి నేను తొక్కుకుంటాను, తొందరున్నవాళ్ళు ఆగుతారు."

ఆ మాటకు జైరామ్ కళ్ళ ముందు వాళ్ళ నాన్న మెదిలాడు.

ఆయన చెరకు కోత గ్యాంగుకు సర్దారు, అంటే మేస్త్రీ. కొండవాలు చేలకు తెల్లవారకముందే ఎక్కి వెళ్ళాలి. కత్తులు, నీళ్ళు, రొట్టెల మూట, అన్నీ మోసుకుని. బలమున్న కుర్రాళ్ళు ముందు పరిగెత్తితే ముసలివాళ్ళు చేను చేరేసరికే అలిసిపోతారు, ఇక కత్తి ఏం పడతారు? అందుకని గ్యాంగులో అందరికన్నా నెమ్మదైన మనిషి ముందు నడిచేవాడు. అతణ్ణి దాటడానికి వీల్లేదు. సర్దారు అందరికన్నా వెనక. చిన్నప్పుడు రొట్టెల మూట నెత్తిన పెట్టుకుని ఆ వరసలో నడిచిన జైరామ్‌కు దారి ఒంపులు గుర్తొచ్చాయి గానీ, నడిచే వరస గుర్తు రాలేదు. నిన్న తనే ఇంజనులా ముందుకు ఉరికాడు.

"సరేనమ్మా," అన్నాడు. "మీరే ముందు. మిమ్మల్ని ఎవురూ దాటరు. మలుపులు నేను వెనక నుంచి అరుస్తా."

"అరవండి. నాకు వినబడకపోతే ఇంకా గట్టిగా అరవండి."

ఆవిడ వెనక నర్సులు, వాళ్ళ వెనక పొడుగు కుర్రాడు, ఆ తరువాత స్కూటర్లు, చిట్టచివర జైరామ్. వరస కదిలింది. "ఎడమ!" అని జైరామ్ అరిస్తే స్కూటరు రైతు దాన్ని ఇంగ్లీషులో కుర్రాడికి అందించేవాడు, కుర్రాడు నర్సులకు, నర్సులు ముందుకు. రెండు మలుపులు గడిచేసరికి అందరూ కలిసి "ఎడమ!" అనే అరుస్తున్నారు. ఇళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు చేతులూపారు.

పూల పండుగ రోజుల్లో ఆ వీధుల్లో ఇళ్ళ ముంగిళ్ళన్నీ ముస్తాబై ఉంటాయి. శ్యామసుందరి గారు ఏ ముంగిలినీ వదల్లేదు. "అబ్బ, ఆ పాన్సీలు చూడండి!" అని ఆగేవారు. ఆవిడ ఆగితే వరసంతా ఆగాలి. మొదట్లో పొడుగు కుర్రాడు మెడ సాచి పక్కనుంచి దూరబోయాడు.

"ఏయ్, నో ఓవర్‌టేకింగ్!" వెనక నుంచి జైరామ్ గొంతు. అది ఆయన గొంతులా లేదు, ఆయన నాన్న గొంతులా ఉంది.

కుర్రాడు నవ్వి వరసలోకి వచ్చాడు. మరో ముంగిలి దగ్గర ఆగినప్పుడు అతనే ముందుగా సైకిలాపి, ఇంటి ముసలాయనను ఆ తులిప్‌ల పేరు అడిగాడు. ప్రతి పూలపాదు దగ్గరా కాళ్ళకు ఒక విరామం దొరుకుతోంది. నర్సుల్లో ఒకామె, మనం ఎత్తు ఎక్కుతున్నామా లేదా అని అడిగింది. జైరామ్ జవాబు చెప్పలేదు. చెబితే కాళ్ళకు తెలిసిపోతుంది.

చివరి మలుపు దాటాక మాత్రం తప్పించుకోలేని ఎత్తు ఒకటుంది. ఎక్కువ దూరం కాదు, కానీ నిటారు. శ్యామసుందరి గారు దాని మధ్యలో ఆగారు. సైకిలు దిగారు. స్టాండు వేశారు. హ్యాండ్‌బ్యాగు తీసి, అందులోంచి ఫోన్ తీశారు.

షెడ్డు గోడ, కొక్కేలు, కిటికీ కింది బల్ల, వాటి చోట తెల్లటి వాషింగ్ మెషిన్లు జైరామ్ కళ్ళ ముందు నిలబడ్డాయి. సైకిలు పక్కన పడేసి ముందుకు పరిగెత్తాడు.

"అమ్మా, ఆగండమ్మా! ఫోన్ చెయ్యబాకండి. కావాలంటే మీ సైకిలు నేను తోస్తా, మిమ్మల్ని కూడా తోస్తా..."

ఆవిడ ఆయన వైపు చూడనేలేదు. ఫోన్ చేయి చాపినంత ఎత్తులో పట్టుకుని దానితో మాట్లాడుతున్నారు. "చూడవే శ్రావ్యా! కనబడుతోందా? అదిగో, ఆ కింద ఊరు. అక్కణ్ణుంచి తొక్కుకుంటూ వచ్చాను. మోకాళ్ళు నొప్పులు, మేడ మెట్లెక్కొద్దు అన్నావుగా? ఏదీ, ఇప్పుడనవే!"

ఫోన్‌లోంచి ఆవిడ కూతురి గొంతు ఇంగ్లీషులో కంగారుగా ఏదో అంటోంది. "తరువాత మాట్లాడతాను, నా వెనకాల ట్రాఫిక్ ఆగిపోయింది," అని ఆవిడ ఫోన్ బ్యాగులో పడేశారు. అప్పుడు జైరామ్‌ను చూశారు. "మీరేమిటండీ ఇలా పరిగెత్తుకొచ్చారు? మీ చోటు వెనక కదా?"

"అవునమ్మా," అన్నాడు జైరామ్. "వెనకే." వెళ్ళి పడేసిన సైకిలు ఎత్తుకున్నాడు.

ఆవిడ మిగిలిన ఎత్తు తొక్కలేదు, సైకిలు పక్కన నడిచారు. ఆవిడను దాటకూడదు గనక అందరూ దిగి నడిచారు, పొడుగు కుర్రాడు కూడా. అలా నడుచుకుంటూనే ఫైవ్ వాటిల్స్ గేటులోకి వచ్చారు.

ఉపేంద్ర యూట్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తాళం, ఒక చేతిలో ఫోన్. చైత్ర ఆఫీసులోంచి బయటికొచ్చింది.

"ఫోన్ చచ్చిపోయిందేమోనని ఈయన నా చేత రెండుసార్లు రింగ్ చేయించారు అంకుల్!"

"ఎలా తీసుకొచ్చారండి?" అన్నాడు ఉపేంద్ర.

"నేను కాదు బాబూ. ఈయమ్మ తెచ్చింది అందరినీ."

"నేనే తెచ్చాను," అని ఒప్పుకున్నారు శ్యామసుందరి గారు, బుట్టలోని కుండీలు తీసుకుంటూ. "రేపెన్నింటికి? రేపు అవతలి పార్కు చూడాలి. ఈ నర్సమ్మాయిలు కూడా వస్తామంటున్నారు. ఇదిగో బాబూ, నువ్వు కూడా రా. ఈ వయసులో ఆ బండి పక్కన నిలబడ్డం ఏమిటి?"

ఆదివారం బ్రిస్బేన్ ఆసామి మాట ప్రకారం వచ్చాడు. షెడ్డు తలుపు తీసి చూస్తే కొక్కేలు, పనిముట్లు తప్ప లోపల ఏమీ లేదు. సైకిళ్ళేవని అడిగాడు. కిందున్నాయంది చైత్ర. మరి మీ ఆయన? ఆయనా కిందే ఉన్నాడంది. ఎప్పుడొస్తారు? అదొక పెద్దావిడ చేతుల్లో ఉందనీ, ఆవిడ పూలన్నీ చూసేదాకా ఎవరూ రారనీ చెప్పి, సైకిళ్ళు ఇక అమ్మడం లేదని కాఫీ ఇచ్చి పంపేసింది.

ఆ సాయంత్రం జైరామ్ సైకిళ్ళను ఒక్కొక్కటే తలకిందులు చేసి చూస్తుంటే ఉపేంద్ర తొడలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చి తలుపు దగ్గర కూలబడ్డాడు.

"ఎక్కేటప్పుడు ఓకే అంకుల్. దిగేటప్పుడే భయమేసిందండి."

"భయం వెయ్యాల," అన్నాడు జైరామ్, అరిగిపోయిన బ్రేకు రబ్బరు ఒకటి విప్పి అతని అరచేతిలో పెడుతూ. "చూడు, వారం దినాలకే ఇట్లయిపొయ్యింది. ఈ కొండకు ఇవి చాలవు. మందం రకం తెప్పించు బాబూ. రేపే తెప్పించు. వచ్చిందాకా ఒక్క సైకిలు కూడా బయటికియ్యను."

ఉపేంద్ర ఆ రబ్బరు ముక్కను వెలుతురులో పెట్టి ఫోటో తీసి, అక్కడే కూర్చుని ఆర్డరు పెట్టడం మొదలుపెట్టాడు. జైరామ్ తరువాతి సైకిలును బల్ల దగ్గరకు లాగాడు.